డొక్కు ఓడ అనే ముందు ఒక్క మాట

కాస్త పెద్ద పోస్టు. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. ఆదివారం సర్వసభ్య సమావేశానికి వచ్చే ముందు చదివితే ఇంకా మంచిది.

విశాఖలో ఎక్కి, మూడు రాత్రులు సముద్రం మీద ఉండి, మళ్లీ విశాఖలో దిగి రైల్లో బరంపురం చేరాం. రెండు రోజులు గ్రూపు నిండా ఫొటోలే. మూడో రోజు నుంచి పంచాయితీ మొదలైంది. "ముప్పై ఏళ్లు దాటిన డొక్కు ఓడ ఎక్కించారు" అని ఒకరు, "అదే డబ్బుకి ఇంకొంచెం వేసుకుంటే సింగపూర్‌లో కొత్త ఓడ ఎక్కేవాళ్లం" అని ఇంకొకరు. వచ్చే ఏడు సంఘం యాత్ర సింగపూర్ నుంచే ఉండాలని ఆదివారం తీర్మానం పెడతారట. నేను దానికి వ్యతిరేకంగా చెయ్యెత్తుతాను. ఎందుకో రాస్తున్నాను. నేను కార్యవర్గంలో లేను. ఈ యాత్రకి అందరిలాగే నా డబ్బే కట్టుకుని వెళ్లాను.

ముందు నిజం ఒప్పుకుందాం. ఫిర్యాదుల్లో చాలావరకు సరైనవే. గది చిన్నది. రెండు పెట్టెలు తెరిస్తే మూడో మనిషి నిలబడడానికి చోటు లేదు. బాల్కనీ లేదు, గుండ్రటి అద్దం కిటికీ ఒక్కటే. స్నానాల గదిలో సబ్బు జారిపడితే వంగి తియ్యడానికి తలుపు తీసుకోవాల్సి వచ్చేది. వెనక భాగంలో గదులు వచ్చిన వాళ్లకి ఇంజను అదురు రాత్రంతా తెలిసింది, బల్ల మీద గ్లాసులో నీళ్లు వణుకుతూనే ఉన్నాయి. పొద్దున ఫలహారం వేళకి లిఫ్టు దగ్గర రద్దీ. కార్పెట్టుకి పాత సినిమా హాలు వాసన. టికెట్టు ధర ఒకటి చెప్పి, రేవు రుసుములు, సేవా రుసుములు, పన్ను కలిపాక ఇంకొకటైంది. ఇవేవీ నేను దాచను. కంపెనీ వాళ్లకి మన కార్యదర్శి గారు రాసిన ఉత్తరంలో ఇవన్నీ ఉన్నాయి.

కానీ "పాతది కాబట్టి ప్రమాదం" అనే మాట దగ్గర ఆగాలి. ఓడకి వయసు ఒక్కటే కొలత కాదు. ప్రయాణికుల ఓడకి భద్రతా ధ్రువపత్రం ఏడాదికే ఇస్తారు. ఏటా తనిఖీ చేయించుకుంటేనే మళ్లీ ఇస్తారు. నీటి అడుగున ఉండే భాగాన్ని కూడా నిర్ణీత కాలానికి పరీక్ష చేయాల్సిందే. నిప్పు అంటుకునే సామగ్రితో కట్టిన పాతకాలపు ప్రయాణికుల ఓడలు 2010 అక్టోబరు 1 తర్వాత అంతర్జాతీయ ప్రయాణాలకి పనికిరావని సముద్ర భద్రతా నిబంధన వచ్చింది. ఆ దెబ్బకి ఎన్నో పాత ఓడలు మూలపడ్డాయి. ఇంకో సంగతి. ఓడ రద్దయ్యేది ముసలిదై మాత్రమే కాదు, నడిపేవాళ్ల చేతిలో డబ్బు ఆడకపోయినా రద్దవుతుంది. 1990లో కట్టిన 'కర్ణిక' 2019లో ముంబయి నుంచి విహారాలు మొదలుపెట్టింది. కరోనా వచ్చింది, కంపెనీ మూతపడింది, 2020 చివరికల్లా ఓడ గుజరాత్‌లోని అలంగ్‌లో ముక్కలవడానికి చేరింది. దాన్ని అక్కడికి పంపింది వయసు కాదు, అప్పు.

భద్రత సంగతి వచ్చింది కాబట్టి ఒక చేదు మాట. ఓడ కదిలే ముందు ప్రమాద హెచ్చరిక విన్యాసం పెట్టారు గుర్తుందా? ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో, ఎవరు ఏ లైఫ్‌బోటు దగ్గర నిలబడాలో చూపించారు. మన వాళ్లు పదకొండు మంది రాలేదు. నలుగురు సమోసాల దగ్గర ఉండిపోయారు, మిగతావాళ్లు సెల్ఫీలు. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా బండకి కొట్టుకుని ఒరిగిపోయింది. 32 మంది పోయారు. ఆ రోజు ఎక్కిన ప్రయాణికులకి అప్పటికి ఈ విన్యాసమే జరగలేదు. ఆ తర్వాతే ఓడ బయల్దేరే ముందే, లేదా బయల్దేరిన వెంటనే చేసి తీరాలని నియమం మార్చారు. అది ఏమంత పాత ఓడ కూడా కాదు, నీళ్లలో దిగి ఆరేళ్లే. డొక్కు ఓడ అని భయపడేవాళ్లు ముందు విన్యాసానికి రావాలి కదా!

ఇప్పుడు పాత ఓడ మనకి ఏమిచ్చిందో చెప్తాను.

సింగపూర్ వైపు తిరిగే కొత్త ఓడలు చాలా పెద్దవి. ప్రపంచంలో అతి పెద్ద వాటిలో ఒకటైన ఐకన్ ఆఫ్ ద సీస్ 2024లో తిరగడం మొదలుపెట్టింది. అందులో ఇరవై అంతస్తులు, నిండా ఎక్కితే 7,600 మంది ప్రయాణికులు. మనం ఎక్కింది దానిలో అయిదో వంతు ఉంటుంది. అందుకే రెండో రోజుకల్లా మన పెద్దవాళ్లకి దారులన్నీ తెలిసిపోయాయి. భోజనం ఎక్కడ, బాత్రూం ఎక్కడ, గాలి తగిలే చోటు ఎక్కడ, ఎవరినీ అడక్కుండా తిరిగారు. మా పెద్దమ్మకి ఇంట్లో మేడ మెట్లెక్కడమే భయం. ఆవిడ ఒక్కతే పై డెక్కుకి వెళ్లి టీ తాగి వచ్చింది.

బాల్కనీ లేదన్నారు. ఉంటే ఏం జరిగేది? ఎవరి గది వాళ్లది, ఎవరి బాల్కనీ వాళ్లది. లేదు కాబట్టే సాయంత్రం అయిదయ్యేసరికి నలభై మందిమీ డెక్కు మీదే. మూడేళ్లుగా మాట్లాడుకోని రెండు కుటుంబాలు (పేర్లు మీకు తెలుసు, నేను రాయను) ఒకే బల్ల దగ్గర కూర్చుని పేకాట ఆడాయి. ఒడ్డు దాటాక సిగ్నల్ పోయింది. వైఫైకి విడిగా డబ్బు కట్టాలంటే పిల్లల తండ్రులు వద్దన్నారు. మొదటి పూట పిల్లలు ముఖాలు ముడుచుకున్నారు, రెండో పూటకి పెద్దవాళ్ల దగ్గరికి చేరారు. మన పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు, ఇంట్లో అరకొర తెలుగు. ఆ మూడు రోజుల్లో వాళ్లు మాట్లాడినంత తెలుగు నేను ఏడాదిలో వినలేదు.

రెండో సాయంత్రం సంగతి మీలో చాలామందికి తెలియదు. అప్పుడు పాటల పోటీ జరుగుతోంది. మన వాళ్లలో అందరికంటే పెద్దావిడ, 88 ఏళ్ల మామ్మ, రెయిలింగు పట్టుకుని నిలబడి మనవడిని అడిగింది, "రంగం ఏ పక్కరా బాబూ?" వాడికి రంగం అంటే రంగూన్ అని తెలియదు. నేను చెప్పాను. వాడు ఫోన్లో దిక్సూచి తీసి, సరిగ్గా తూర్పున చూపించాడు. ఆవిడ చాలాసేపు అటే చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది.

ఆవిడ తండ్రి మన గోపాలపూర్ నుంచే రంగం వెళ్లాడు. అప్పట్లో స్టీమరు ఒడ్డుకి వచ్చేది కాదు, దూరంగా లంగరు వేసుకునేది. తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో కెరటాలు దాటి జనాన్ని దానిలోకి ఎక్కించేవారు. కూలివాళ్లకి గదులెక్కడివి? డెక్కు మీదే చాప, ఎండయినా వానయినా అక్కడే. మిల్లుల్లో, రేవులో పనికి గంజాం నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి, గోదావరి దాకా వేలమంది అలాగే వెళ్లారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్లని కోరంగీలు అనేవారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. దానికి కొన్ని నెలల ముందే తల్లీ పిల్లా స్టీమరులో ఇంటికొచ్చేశారు. తండ్రి ఉండిపోయాడు. తర్వాత అరకాన్ కొండల మీదుగా నడిచి, మనిషి సగమై ఇల్లు చేరాడట. స్టీమరు గురించి ఆవిడకి ఒక్కటే గుర్తుంది. పిల్ల ఎక్కడ కడలిలో పడుతుందోనని తల్లి చీర కొంగుని పిల్ల నడుముకి కట్టి, ప్రయాణమంతా విప్పలేదట.

"ఇది గోపాలపూర్ మీద నుంచి పోదా?" అని అడిగింది. పోదు మామ్మా, దక్షిణం వైపే అని చెప్పాల్సి వచ్చింది. మనవడు ఆవిడ మాటలు నలభై నిమిషాలు ఫోన్లో రికార్డు చేశాడు. మన సంఘం పుట్టినప్పటి నుంచి ఎన్ని సావనీర్లు వేశాం! గోపాలపూర్ బీచిలో పాత జెట్టీ స్తంభాల పక్కన ఎన్ని వనభోజనాలు చేశాం! ఆ మాటలు ఒక్కదాంట్లో లేవు. ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

సింగపూర్ వద్దనడానికి అసలు కారణం ఇదే. అక్కడికి వెళ్లాలంటే పాస్‌పోర్టు, వీసా, విమానం, ప్రయాణ బీమా కావాలి. మన మామ్మలకి, తాతయ్యలకి ఎంతమందికి పాస్‌పోర్టు ఉంది? ఖర్చు రెట్టింపు దాటుతుంది. ఇప్పుడే మనిషికి పాతిక వేలు దాటిందని కుట్టుమిషను పెట్టుకున్న వాళ్లు, అప్పడాల పని చేసుకునే అక్కలు, ఆటో నడిపే తమ్ముళ్లు ఎవరూ రాలేదు. వాళ్లూ సంఘం సభ్యులే, వాళ్లూ చందా కడుతున్నారు. "పాత ఓడ" అని నొచ్చుకున్నవాళ్లు, వీళ్లు రాలేదని ఒక్కరైనా నొచ్చుకున్నారా? నేనూ అప్పుడు అనుకోలేదు. ఆ తప్పు నాది కూడా.

కాబట్టి ఆదివారం నేను పెట్టబోయే ప్రతిపాదన ఇది. వచ్చే ఏడు కూడా విశాఖలో ఎక్కే ఓడే చూద్దాం, పాతదైనా సరే. పెద్దవాళ్లకి ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో గదులు ముందే అడిగి తీసుకుందాం. ఊపు తక్కువ తెలిసేది అక్కడే. ఆషాఢం గాలికి మొదటి రాత్రి ఎంతమంది వాంతులు చేసుకున్నారో చూశాం కదా. మాత్ర వేసుకోవాలో లేదో ఎవరి డాక్టరుని వాళ్లు ముందే అడగాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక కాదు. అన్ని రుసుములూ కలిపి ఎంతవుతుందో కంపెనీ నుంచి కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు కడదాం. విన్యాసానికి రాని వాళ్ల పేర్లు మరుసటి యాత్రలో ఉండకూడదు. వెళ్లగలిగిన ప్రతి కుటుంబం రెండు వేలు అదనంగా వేస్తే, వెళ్లలేని పెద్దవాళ్లలో కొందరినైనా సంఘం తరఫున తీసుకెళ్లొచ్చు. మొదటి రెండు వేలు నావి. ఇంకొకటి, వచ్చే ప్రతి పిల్లవాడూ, ప్రతి పిల్లా ఒక పెద్దమనిషి మాటలు రికార్డు చేసి తేవాలి.

నా మాట నచ్చకపోతే సమావేశంలో లేచి నిలబడి చెప్పండి, వింటాను. గ్రూపులో బొమ్మలు పెట్టి వెక్కిరించకండి. మామ్మ కూడా ఈ గ్రూపులో ఉంది, మనవడు అన్నీ చదివి వినిపిస్తాడు. నిన్న ఫోన్ చేసి "ఆ ఓడ మళ్లీ ఎప్పుడొస్తుంది?" అని అడిగింది. ఆదివారం తర్వాత చెప్తానన్నాను.