కాగితమా, అల్యూమినియమా?

"అన్నా, బేస్ గిటార్‌కి స్పీకర్ పెట్టె కొంటున్నా. కాగితం కోన్ వానాకాలం పాడైతదట. అల్యూమినియం తీసుకోనా?" అని గోలేటి నుంచి ఓ తమ్ముడు అడిగాడు. అవి వాడు ఏడాదంతా కూడబెట్టిన పైసలు.

కాగితం తేమ పీలుస్తుంది, నిజమే. కానీ తేలిక. అనవసరమైన మోతను తనలోనే అణిచేసుకుంటుంది, మోత నిండుగా ఉంటుంది. అల్యూమినియం బిరుసు. 1980ల్లో హార్ట్‌కీ కంపెనీ దాంతో పేరు తెచ్చుకుంది. బొటనవేలితో తీగను కొడితే ఖంగుమంటుంది. అందరికీ ఆ ఖంగు నచ్చదు. పాలీప్రొపిలీన్ తడికి లొంగదు గానీ, సాధారణంగా కాస్త బరువు.

అయితే బేస్‌లో లావు తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర. అంత కింది స్వరం బాగా పలకాలంటే కోన్ దేనితో చేశారన్నదానికన్నా పెట్టె కొలత, కోన్ ముందుకీ వెనక్కీ కదిలే దూరం ముఖ్యం.

అందుకే తమ్ముడూ, తేమ పట్టకుండా పూత వేసిన కాగితం కోన్ చాలు. మిగిలిన పైసలు గట్టి పెట్టె మీద పెట్టు. కొనేముందు నీ గిటార్ తీసుకెళ్లి వాయించి చూడు.