డీబగ్ అంటే ఏరుడేనా?

మా ల్యాబ్‌లో రోజుకి యాభై సార్లు వినపడే మాట ఒకటుంది: డీబగ్. "డీబగ్ చేశావా?", "డీబగ్ అవ్వట్లేదు రా". ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే కాబట్టి, ఆ మాట గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. మా నానమ్మ అడిగేదాకా.

మా ఊరు జహీరాబాద్. ఫస్టియర్ సెలవుల్లో ఇంట్లో కూర్చుని ఒక సి ప్రోగ్రామ్‌తో కుస్తీ పడుతున్నాను. పది మార్కులు కూడితే ఏదో పిచ్చి నంబర్ వస్తోంది. సీనియర్‌కి మెసేజ్ పెడితే "డీబగ్ చెయ్" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. పక్కన జొన్నలు బాగుచేస్తున్న నానమ్మ "గంట సంది ఏం జేస్తున్నవ్ బిడ్డా?" అంది. "ప్రోగ్రామ్‌ల పురుగు పడ్డది నానమ్మా, ఏర్తున్న" అన్నాను. నవ్వుతుందనుకున్నా, నవ్వలేదు. "మొదలే ఏర్తే కండ్లు పోతయ్. ముందుగాల చెరుగు, తర్వాత జల్లెడ పట్టు, ఆఖరికి ఏరు" అంది.

డీబగ్ పుట్టుక గురించి అందరికీ తెలిసిన కథ ఒకటుంది. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ రిలేలో ఒక రెక్కల పురుగు దొరికిందని, ఆ మాట అక్కడే పుట్టిందని. పురుగు దొరికింది నిజమే. దాన్ని లాగ్‌బుక్‌లో టేప్ వేసి అంటించారు, ఆ పుస్తకం ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆ టీమ్‌లో పనిచేసిన గ్రేస్ హాపర్ ఈ కథ చెప్పి చెప్పి ఫేమస్ చేశారు. కానీ మాట అంతకన్నా పాతది. ఎడిసన్ 1878లోనే ఒక ఉత్తరంలో తన పరికరాల్లోని లోపాలను బగ్స్ అన్నాడు. డీబగ్ అనే క్రియ 1945లోనే విమాన ఇంజన్ల పరీక్షల సందర్భంలో అచ్చయింది. మాట ముందే ఉంది కాబట్టే, నిజం పురుగు దొరికినప్పుడు అది వాళ్లకి జోక్ అయింది.

ఇందులో నాకు నచ్చనిది ఒకటే. డీబగ్ అంటే పురుగు తీసెయ్యడం. చివరికి ఏం జరగాలో చెప్తుంది, ఎలా చెయ్యాలో చెప్పదు. కొత్తగా నేర్చుకునేవాడికి కావాల్సింది ఆ ఎలా అన్నదే.

నానమ్మ మాటల్లో అది ఉంది. చాటతో చెరిగితే పొట్టు ఒక్కసారే పోతుంది. అంటే సగం కోడ్ కామెంట్‌లో పెట్టి, తప్పు ఏ సగంలో ఉందో చూడటం. జల్లించడం అంటే చిన్న చిన్న ఇన్‌పుట్‌లు ఇచ్చి ఏది ఆగుతుందో, ఏది దాటుతుందో చూడటం. ఏరడం అంటే మిగిలిన నాలుగు లైన్లనూ ఒక్కొక్కటిగా చదవడం. ఆ రోజు అదే వరసలో చేశాను. లూప్‌లో "తక్కువ" అని ఉండాల్సిన చోట "తక్కువ లేదా సమానం" అని పెట్టాను. పది మార్కులయ్యాక లేని పదకొండోది కూడా కూడుతోంది.

డీబగ్‌ని తీసేసి దోషనివారణ అని పెట్టమని నేననట్లేదు. అది నాకే నోరు తిరగదు. కానీ పొలం మాటలు పనికిరావు అనుకోవడం కూడా తప్పే. గాలికి ధాన్యం తూర్పారబట్టడం పొలం పనే కదా? ఇప్పుడు పేపర్లో రోజూ ఎవరో ఒకరు ప్రభుత్వాన్ని తూర్పారబడుతూనే ఉంటారు. ఇంగ్లీషులో పురుగు మెషీన్‌లోకి వెళ్లినట్టే, మన చాట, జల్లెడ కూడా ల్యాబ్‌లోకి రావచ్చు.

నిజం చెప్పాలంటే, చెరగడానికీ జల్లించడానికీ తేడా ఏంటో నాకు ఆ రోజే తెలిసింది. హాస్టల్‌లో అడిగితే మా రూమ్‌లో నలుగురిలో ఒక్కడికే తెలుసు. పందొమ్మిదేళ్లు తెలుగు మాట్లాడి, ఇంట్లో రోజూ జరిగే పని పేరు తెలియకపోవడం నాకు సిగ్గనిపించింది.

అందుకే సీనియర్లకి ఒక రిక్వెస్ట్. ఈసారి జూనియర్ ఎర్రర్‌తో వస్తే "డీబగ్ చెయ్" అని వదిలెయ్యకండి. పక్కన కూర్చుని, ముందు చెరుగు, తర్వాత జల్లించు, ఆఖరికి ఏరు అని చెప్పండి. ఆ మాటలు మీకూ తెలియకపోతే ఇంటికి ఫోన్ చేసి అడగండి. మా నానమ్మ లాగే వాళ్లు కూడా నవ్వరు.