మా పేటంతా జనవరి ఒకటినే పుట్టింది

మొన్న జనవరి ఒకటిన మా తమ్ముడు అమ్మ, నాయన, పెద్దమ్మ, ఇద్దరు మేనమామల ఆధార్ కార్డులు వరసగా పేర్చి, ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అయిదుగురి పుట్టినరోజూ 01/01. కింద "కేకు ఒక్కటి చాలు" అని రాశాడు. అందరం నవ్వుకున్నాం.

పెద్దమ్మ నవ్వలేదు. "నేను నాట్లప్పుడు పుట్టానురా. జనవరిలో నన్నెవరు కన్నారు?" అంది.

కాగితం లేనివాళ్లు వయసు చెబితే ఆధార్‌లో నమోదు చేశారు. వయసును బట్టి సంవత్సరం తేలింది. తేదీ, నెల తెలియనిచోట చాలామందికి జనవరి 1 పడింది. పెద్దమ్మ జుట్టు నెరవలేదని ఆపరేటర్ వయసు కూడా తగ్గించేశాడు. అందుకే మా అమ్మకు పింఛను వస్తోంది, అమ్మకంటే అయిదేళ్లు పెద్దదైన అక్కకు "వయసు చాల్లేదు, సిస్టమ్ తీసుకోవట్లేదు" అన్నారు.

సిస్టమ్ అంత నిక్కచ్చిదా? ఎక్సెల్ తెరిచి చూడండి. 1900 లీపు సంవత్సరం కాదు. అయినా ఎక్సెల్‌లో 1900 ఫిబ్రవరి 29 ఉంటుంది. అది మొదట లోటస్ 1-2-3 చేసిన తప్పు. దాని ఫైళ్లతో లెక్క కుదరాలని ఎక్సెల్ ఆ తప్పును తెలిసే తెచ్చుకుంది. ఇప్పుడు దిద్దితే పాత షీట్లలో తేదీలు తారుమారవుతాయని అలాగే ఉంచింది.

ఈ మాట మనం ఎక్కడో విన్నదే కదా? తప్పని అందరికీ తెలుసు, కానీ దిద్దితే ఉన్నవాళ్ల లెక్కలు చెడతాయి, కాబట్టి ఉండనీ. ఎన్నడూ లేని రోజుకు అంత మర్యాద. నిజంగా పుట్టిన మనిషి మాటకు మాత్రం రుజువు కావాలి.

పోనీ ఆధార్ గట్టి రుజువా? 2024 జనవరిలో ఈపీఎఫ్‌వో పుట్టిన తేదీకి ఆధార్ చెల్లదంది. అదే ఏడాది అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో, వయసు తేల్చడానికి ఆధార్ కాదు, బడి సర్టిఫికెట్ చూడాలంది. న్యాయమే. కానీ బడి గడప తొక్కనివ్వని తరానికి సర్టిఫికెట్ ఎక్కడిది?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సెలవులకు ఊరెళ్లినప్పుడు ఒక పని చేయండి. పేటలో పెద్దవాళ్ల పక్కన కూర్చోండి. 1977 ఉప్పెన నాటికి పెళ్లయిందా, చంకలో బిడ్డ ఉన్నాడా అడిగి రాసుకోండి. ఉప్పెన రోజున మా పెద్దమ్మ చంకలో మా అన్న ఉన్నాడు. ఆ లెక్క ఏ ఆపరేటర్ అంచనాకంటే నమ్మదగింది. అలాంటి లెక్కలన్నీ ఒక అర్జీగా కట్టి గ్రామసభ ముందు పెడదాం, సాక్ష్యంగా తీసుకోమని అడుగుదాం.

కేకు ఆ తర్వాత కోద్దాం.

జై భీమ్.