నేలలో దాచే వాయువు

పిల్లలూ! ఎరువు అంటే మనకు గంపల్లో మోసే పెంట, సంచుల్లో వచ్చే యూరియా గుర్తుకు వస్తవి. కాని అమెరికాలో మొక్కజొన్న పండించే రైతుల్లో చాలామంది ఎరువును పెద్ద ఉక్కు పీపాలో నింపి, ట్రాక్టరు వెనక కట్టుకుని పొలానికి పోతారు. ఆ పీపాలో ఉండేది అమ్మోనియా. పశువుల పాకలో ముక్కుకు ఘాటుగా తగిలే వాసన దీనిదే.

అమ్మోనియా ఒక వాయువు. దాన్ని గట్టిగా అదిమితే ద్రవమవుతుంది. పీపాలోనుంచి వదిలితే సున్నాకు దిగువ 33 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరే మరిగి, మళ్ళీ వాయువైపోతుంది. నీరు కలవనిది గనక దీన్ని నిర్జల అమ్మోనియా అంటారు. దీని 100 కిలోల్లో 82 కిలోలు నత్రజనే. యూరియాలో ఉండేది 46 కిలోలు.

మరి, ఎగిరిపోయే వాయువును పైరుకు పెట్టటమెట్లా? నేలలో దాచాలి! కత్తిలాంటి కర్రు నేలను చీలుస్తూ పోతుంది. దాని వెనక ఉన్న సన్నని గొట్టం 6 నుంచి 8 అంగుళాల లోతున అమ్మోనియాను వదులుతుంది. వెంటనే ఇనప బిళ్ళలు ఆ గాడిని మట్టితో కప్పేస్తవి. లోపలి తేమ అమ్మోనియాను పట్టుకుంటుంది. తరవాత అది రూపు మారి బంకమట్టి రేణువులను అంటిపెట్టుకుని ఉంటుంది.

ఈ పనితోపాటే పట్టీ దుక్కి కూడా చేస్తారు. అంటే, పొలమంతా దున్నరు. 30 అంగుళాలకొక సాలు చొప్పున, సాలుకు 8, 10 అంగుళాల వెడల్పున మాత్రమే దున్నుతారు. మిగిలిన నేలమీద పాత పంట మోళ్ళూ ఆకులూ అట్లాగే ఉంటవి. వాన దెబ్బ వాటికి తగులుతుంది, మట్టికి తగలదు.

చదును నేలలో ఇదంతా సులువే. విస్కాన్సిన్ రాష్ట్రపు నైరుతి భాగానికి వెళ్ళి చూడండి. పూర్వం మంచు నదులు చుట్టుపక్కల నేలలను చదును చేసి, ఈ ప్రాంతాన్ని మట్టుకు వదిలేసినవి. అందుచేత ఇక్కడ నిటారు కొండలూ, లోయలూ మిగిలినవి. పలచని మట్టికింద సున్నపురాయి తగిలే చేలు ఉన్నవి. ఇక్కడి రైతుకు రెండు చిక్కులు.

మొదటిది రాయి. కర్రు విరగకుండా దానికి స్ప్రింగు అమరుస్తారు. రాయి తగలగానే కర్రు పైకి లేచి, రాయి దాటాక దిగుతుంది. కాని లేచిన ఆ క్షణంలో అమ్మోనియా తెల్లని పొగలా బయటపడుతుంది. రాయి అడ్డుపడి గాడి మూసుకోకపోయినా అంతే. ఎరువు దండగ కావటం అట్లా ఉంచి, ప్రాణానికే ముప్పు! అమ్మోనియాకు నీరంటే మహా ఆశ. కంట్లో తడినీ, గొంతులో తడినీ వెతుక్కుంటూ పోయి కాలుస్తుంది. అందుకే రైతు కళ్ళకు అద్దాలూ, చేతులకు తొడుగులూ వేసుకుంటాడు, మంచినీళ్ళు దగ్గర ఉంచుకుంటాడు. ఒంటికి తగిలితే ఆ నీటితో వెంటనే, కనీసం 15 నిమిషాలు కడుక్కుని, వైద్యుడి దగ్గరకు పోవాలి. రాళ్ళు మరీ ఎక్కువగా ఉన్న చేలో తెలివైన రైతు అమ్మోనియా జోలికి పోడు, వేరే ఎరువు వాడతాడు.

రెండవది వాలు. పట్టీలను పైనుంచి కిందికి దున్నితే వాననీరు వాటి వెంట పరుగెత్తి, మట్టిని కోసుకుపోతుంది. అందుచేత వాలుకు అడ్డంగా దున్నాలి. అప్పుడేమో యంత్రం కిందివైపుకు జారుతూ ఉంటుంది! దారి తప్పకుండా ఉపగ్రహాల సాయంతో పనిచేసే పరికరాలు వాడుతున్నారు. అడ్డంగా సాగుచేయటం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1933లో ఇక్కడి కూన్ వ్యాలీలోనే, ఒక లోయ మొత్తానికి నేలకోతను అరికట్టే పథకాన్ని అమెరికా ప్రభుత్వం మొదటిసారిగా చేపట్టింది.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. రెండు పలకలమీద తడిమట్టి పరిచి, ఏటవాలుగా నిలపండి. ఒకదానిమీద వేలితో నిలువు గీతలు గీయండి, రెండవదానిమీద అడ్డగీతలు గీయండి. రెండింటిమీదా చెంబుతో సమానంగా నీళ్ళు చల్లండి. ఏ పలక కింద ఎక్కువ మట్టి చేరిందో చూడండి. మీ ఊళ్ళో ఏటవాలు చేను ఉంటే, అక్కడ సాళ్ళు ఎటు ఉన్నవో కూడా చూసి రండి!