బద్ధకం అనేస్తే ఎలా?

సంపాదకులకు,

నలభై అయిదు దాటిన ఆడవాళ్లు లావెక్కేది ఒళ్లు వంచకపోవడం వల్లేననీ, అన్నం తగ్గిస్తే సరిపోతుందనీ మీ వ్యాసం తేల్చేసింది. ఒప్పుకోలేను. 29 దేశాల్లో 6,400 మందికి పైగా పరిశీలించి 2021లో ‘సైన్స్’ పత్రిక ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే మన శరీరం ఖర్చుచేసే శక్తి 20 నుంచి 60 ఏళ్ల దాకా దాదాపు నిలకడగానే ఉంటుంది. మారేది వేరు. ఈస్ట్రోజన్ తగ్గేకొద్దీ తొడలకూ పిరుదులకూ పట్టే కొవ్వు పొట్టలోకి మళ్లుతుంది, కండ తగ్గుతుంది. బరువు పెరిగేది వయసు వల్లే కదా అంటారేమో. నిజమే, మధ్యవయసు స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన అమెరికా ‘స్వాన్’ అధ్యయనం కూడా తూకం వరకు అదే చెప్పింది. కానీ ముట్లుడిగే దశలో కొవ్వు చేరే వేగం రెట్టింపైందని తేల్చిందీ అదే. తూకం మిషన్‌కు ఇది పట్టుబడదు. నడుం చుట్టూ టేపు పెట్టి చూడాలి, మన స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు. కడుపు మాడ్చుకుంటే కొవ్వుతోపాటు ఉన్న కాస్త కండా పోతుంది. పప్పు, గుడ్డు, పెరుగు మానకుండా బరువులెత్తే వ్యాయామం చెప్పాల్సిన చోట మీరు ఉపవాసాలు చెప్పారు.

పైగా 45 అనే గీత మన రాష్ట్రానికి అతకదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి ఎనిమిది మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద ఆ లెక్క మూడే. అండాశయాలు కూడా తీస్తే మెనోపాజ్ ఆ రోజే మొదలు. ఉంచినా ముందుగా రావచ్చు. ముప్పై అయిదేళ్లకే పొట్ట పెరిగిన మనిషిని బద్ధకస్తురాలనే ముందు ఆపరేషన్ సంగతి అడగాలి. మీ వ్యాసంలో ఆ ఊసే లేదు.

— ఓ పాఠకురాలు, చాదర్‌ఘాట్, హైదరాబాద్