దిగుబడి సరే, గింజలో సత్తువేదీ?

నాట్లేసిన మూడు వారాలకు వరిచేలో అక్కడక్కడా మొక్కలు గిడసబారి, దుబ్బు చేయకుండా నిలిచిపోతాయి. ముదురాకుల మీద మధ్య ఈనెకు అటూ ఇటూ తుప్పు రంగు మచ్చలు. ఆకును వంచితే టప్పున విరుగుతుంది. తెగులు పట్టిందనుకుని పురుగుమందుల దుకాణానికి పరుగెత్తే రైతులు ఇప్పటికీ ఉన్నారు. అది జింకు లోపం. ఉత్తరాది తరాయి పొలాల్లో ‘ఖైరా’ అని పిలిచే ఈ జబ్బుకు మూలం జింకు కొరతేనని 1966లో పంత్‌నగర్‌లో శాస్త్రవేత్త వై.ఎల్. నేనే తేల్చి చెప్పారు. చేలో కనిపించే లోపానికి మందుంది. పైరు పచ్చగానే ఉండి గింజలో మాత్రం జింకు తక్కువైతే పట్టించుకునే నాథుడే లేడు.

ఈ సంగతి వదిలేసి సేంద్రియమా, రసాయనమా అన్న తగువు ఏళ్లుగా నడుస్తోంది. రసాయన ఎరువులతో పండిన గింజ ఉత్త పిప్పి అని ఒకరంటారు. మొక్కకు నత్రజని కావాలి గానీ అది పేడలోంచి వస్తే ఏం, బస్తాలోంచి వస్తే ఏం అని ఇంకొకరు. ఇద్దరినీ ఇరుకున పెట్టే పొలం ఒకటి ఇంగ్లండ్‌లో ఉంది. రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలోని బ్రాడ్‌బాల్క్ పొలంలో 1843 నుంచి గోధుమ వేస్తున్నారు. ఒక మడికి పశువుల ఎరువు, కొన్నిటికి రసాయన ఎరువులు, ఒకదానికి ఏమీ లేదు. పండిన గింజల నమూనాలు భద్రంగా దాచారు. ఆ పాత గింజలను పరీక్షించిన ఫలితాలు 2008లో వెలువడ్డాయి. 1960ల నడుమ దాకా గింజలో జింకు, ఇనుము, రాగి, మెగ్నీషియం దాదాపు నిలకడగా ఉన్నాయి. 1968లో పొట్టి రకాలు అడుగుపెట్టాక పడిపోయాయి. పశువుల ఎరువు వేసిన మడిలోనూ పడిపోయాయి, ఏమీ వేయని మడిలోనూ పడిపోయాయి. మట్టిలో మాత్రం ఆ ఖనిజాలు తగ్గలేదు. అంటే పెద్ద ముద్దాయి ఎరువు కాదు, విత్తనం.

అలాగని ఎరువుకు పాత్ర లేదనుకోరాదు. నత్రజని చాలినంత అందితే గింజలో ప్రొటీన్ పెరుగుతుంది, జింకు గింజ దాకా చేరడానికీ అది తోడ్పడుతుంది. 343 పరిశోధన పత్రాలను జల్లెడ పట్టి 2014లో అచ్చయిన విశ్లేషణ సేంద్రియ పంటల్లో యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువనీ, విషలోహమైన కాడ్మియం తక్కువనీ చెప్పింది. వాటిలో నత్రజని తక్కువన్న మాట కూడా అందులోనే ఉంది. సేంద్రియ ప్రచారకులు ఆ ముక్క చదవరు.

అసలు చిక్కు భాస్వరం దగ్గర. డీఏపీ లాంటి భాస్వరం ఎరువు అతిగా గుమ్మరిస్తే వేర్లకు జింకు సరిగా అందదు. గింజలోకి చేరిన భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటేట్‌గా నిలవ ఉంటుంది. అది మన పేగుల్లో జింకును కట్టిపడేస్తుంది. జింకు సల్ఫేట్‌ను భాస్వరం ఎరువులతో కలిపి చల్లవద్దని వ్యవసాయాధికారులు చెప్పేది ఊరికే కాదు. పశువుల ఎరువు, పచ్చిరొట్ట పనికొచ్చేదీ ఇక్కడే. జీలుగ, జనుము దున్ని కలిపితే కుళ్లే క్రమంలో వచ్చే ఆమ్లాలు మట్టిలో బిగుసుకుపోయిన జింకును కొంత వేర్లకు అందనిస్తాయి. నత్రజని లెక్కకొస్తే మాత్రం ఒక్క యూరియా బస్తా ఇచ్చేది ఇంచుమించు నాలుగు టన్నుల పశువుల ఎరువుకు సమానం. ట్రాక్టర్లే పశువులైన ఊళ్లలో అంత పెంట ఎక్కడిది?

కాబట్టి రెండూ కావాలి. దాంతోపాటు మట్టిలో లేనిదేమిటో చూసి అది వేయాలి. ఈ పని ఫిన్లాండ్ ఒక దేశంగా చేసి చూపింది. అక్కడి నేలల్లో పంటకు అందే సెలీనియం తక్కువ. 1984లో నిర్ణయం తీసుకుని మిశ్రమ ఎరువుల్లోనే దాన్ని కలిపారు. గోధుమలో, పాలలో, మాంసంలో సెలీనియం పెరిగింది. కాస్త ఎక్కువైందనిపించి 1990లో మోతాదు తగ్గించారు. రైతు కొత్తగా చేయాల్సింది ఏమీ లేకపోయింది.

మన దగ్గర లెక్క వేరు. 45 కిలోల వేపపూత యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు వస్తుంది, అందుకే ఎడాపెడా పడుతుంది. జింకు కలిపిన ఎరువులకు 2010 నాటి పోషకాధారిత సబ్సిడీ విధానం అదనంగా ఇచ్చింది టన్నుకు 500, అంటే 50 కిలోల బస్తాకు పాతిక రూపాయలు. మరోవైపు రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపే పథకాన్ని 2028 డిసెంబరు దాకా పొడిగిస్తూ 2024 అక్టోబరులో కేంద్రం 17,082 కోట్ల రూపాయలు కేటాయించింది. ఇనుము విషయంలో దాన్ని తప్పుపట్టలేం, ఎరువు వేసి గింజలో ఇనుము పెంచడం కష్టం. జింకు అలా కాదు. నేలలో వేస్తే దిగుబడికి, పైరు ఈనాక ఆకుల మీద పిచికారీ చేస్తే గింజకు చేరుతుంది. గోధుమలో బాగా, వరిలో కొంత తక్కువగా.

విత్తనమూ ఉంది. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ నుంచి వచ్చిన డీఆర్ఆర్ ధాన్ 45లో పాలిష్ పట్టిన బియ్యంలోనూ కిలోకు 22 మిల్లీగ్రాములకు పైగా జింకు ఉంటుంది. అయితే కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటిందా లేదా అని చూస్తారు, తాలు, మట్టిపెళ్లలు చూస్తారు. జింకు ఎంతుందని అడిగేవారు లేరు, ఉన్నందుకు క్వింటాలుకు పది రూపాయలు ఎక్కువిచ్చే వారూ లేరు. రైతు బరువు కోసమే పండిస్తున్నాడంటే, మనం బరువుకే డబ్బిస్తున్నాం గనుక.