అడవికి పెద్దలు ఇందరు, పోడు రైతుకు దిక్కెవరు?

పోడు పట్టా ఏమైందని మన్యంలో రైతు మండలాఫీసుకు పోతే, "అది ఫారెస్టు భూమి, మాకేం సంబంధం?" అంటారు. రేంజరు దగ్గరికి పోతే, "పట్టాలిచ్చేది మేం కాదు, ఐ.టి.డి.ఏ.కి పో" అంటాడు. అక్కడి గుమాస్తా సర్వే రాలేదంటాడు. ఆ రోజు కూలీ పోయె, బస్సు చార్జీ పోయె. అదే చేలో కందకం తవ్వి మొక్కలు నాటాలంటే మాత్రం ఏ ఆఫీసును అడగాలన్న అనుమానం ఎవరికీ రాదు!

మొదట్లో అడవులు రాష్ట్రాల జాబితాలోనే ఉండేవి. 1976లో 42వ సవరణతో ఉమ్మడి జాబితాలో వేశారు. 1980 చట్టంతో అటవీ భూమిని వేరే పనికి వాడాలంటే ఢిల్లీ అనుమతి తప్పనిసరి చేశారు. కాపలా రాష్ట్ర అటవీశాఖది, పక్క బంజరు రెవెన్యూది. ఈ రెండు శాఖల హద్దులు కలవని చోటల్లా నలిగేది సాగుదారే.

ఇందరు పెద్దల మధ్య 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు మొదటి పీట వేసింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ సాగులో ఉన్న గిరిజనులకు నాలుగు హెక్టార్ల దాకా హక్కు ఉంది. దరఖాస్తు తీసుకుని విచారించి తీర్మానించేది గ్రామసభే. తర్వాతే సబ్ డివిజన్ కమిటీ, కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ. విచారణ ముగిసేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. అడవిని కాపాడే అధికారం కూడా గ్రామసభకు ఉంది. ఈ మాట ఏ బీటు గార్డు నోటా మేము వినలేదు.

గిరిజనేతర పేదలు మాత్రం మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉన్నట్టు చూపాలట! తాతల నాటి కాగితం కూలివాడి ఇంట్లో ఎక్కడుంటుంది? ఊరి పెద్దల వాంగ్మూలం రాసిస్తే అదీ సాక్ష్యమేనని నిబంధనల్లోనే ఉంది. ఆ సంగతి చెప్పేవారేరీ?

దరఖాస్తు కొట్టేస్తే ఏమవుతుందో 2019లో చూశాం. ఫిబ్రవరి 13న, తిరస్కరించిన వారిని ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు చెప్పింది. దేశమంతా గగ్గోలు పుట్టాక 28న తానే ఆ ఉత్తర్వును ఆపింది.

2022 నిబంధనలతో కేంద్రం ఇంకో ఎత్తు వేసింది. గనికో డ్యాముకో అడవినిచ్చేందుకు తుది అనుమతి తానే ఇస్తుంది. అక్కడి జనం హక్కులు తేల్చే పని తర్వాత రాష్ట్రం చూసుకోవాలి. ఒకసారి గని ఖాయమయ్యాక గ్రామసభ కాదంటే వినేదెవరు?

అందుకే మేమనేది: సర్వేకు రెవెన్యూ, ఫారెస్టు, ఐ.టి.డి.ఏ. ముగ్గురూ ఒకే రోజున, గ్రామసభ ఎదుట రావాలి. దరఖాస్తుకు రసీదు ఇవ్వాలి. కాదంటే కారణం రాసివ్వాలి. నిర్ణయం తీసుకున్న నాటి నుంచి 60 రోజుల్లో పై కమిటీకి పోవచ్చు. నోటి మాటతో "నీది కొట్టేశారు పో" అంటే, సంఘం వాళ్లను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లండి.